సంతకం పెట్టిన రెక్కలు

నాకు కుదురు తక్కువ. అన్నం తింటూ మధ్యలో లేచి గ్యాసు కట్టేశామో లేదో చూసి వస్తాను. బస్సెక్కితే ముందు సీటు గట్టిగా ఉందో లేదో ఊపి చూస్తాను. పెళ్ళికి వెళ్తే పందిరి గుంజలు పాతిన తీరు చూస్తాను తప్ప పెళ్ళికొడుకుని చూడను. ముప్పై ఏళ్ళు విమానాల షెడ్డులో రెక్కలూ తోకలూ పరీక్షించే పని చేసి, రిటైరై గజపతినగరంలో స్థిరపడ్డాను. స్థిరపడ్డానని ఊళ్ళోవాళ్ళు అనుకుంటారు గానీ మా ఆవిడ ఒప్పుకోదు. "మీ కాళ్ళకి సక్రాలున్నాయండీ. అవి ఇప్పకుండానే ఇంటికి పంపీసినారు" అంటుంది.

ఇంత అనుమానం మనిషిని, ఒకే ఒక్కసారి కుదురుగా కూర్చుని, కడుపునిండా తిని, చూసిన రోజే సంతకం పెట్టేశాను. ఆ సంతకం మా బావ కట్టుకున్న విమానం రెక్కల గురించి.

బావ అంటే మా అక్క భర్త. జూట్ మిల్లులో ఇంజనీరుగా చేశాడు. మధ్యలో ఎప్పుడో సెలవులు పెట్టి చిన్న విమానం నడపటం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. "దాంతో ఏం చేస్తావు బావా?" అని అడిగితే "ఉప్పేసి ఊరబెడతానురా" అనేవాడు. ఉద్యోగం వదిలిన నెలకే విమానం మొదలెట్టాడు. ఒక్క మనిషి పట్టేది. పొట్ట ఇనపగొట్టాలతో, రెక్కలు చెక్కతో. ఏడేళ్ళు పట్టింది. అనుమతుల కోసం ఆ ఫైలు తిరిగినంత దూరం ఈ విమానం ఎప్పటికీ తిరగదని తనే నవ్వేవాడు. చివరికి ఒక్క కాగితం మిగిలింది. రెక్కలు బాగున్నాయని, ఆ పని తెలిసినవాడెవడైనా చూసి రాసివ్వాలి. ఇంట్లో బామ్మర్ది ఉండగా పైవాణ్ణి ఎందుకు పిలుస్తాడు?

వాళ్ళ ఇల్లు శ్రీకాకుళంలో. ఆ ఇంట్లో రెక్క పట్టదు. అందుకని కళింగపట్నంలో ఒక పడవల వడ్రంగి షెడ్డులో పని పెట్టుకున్నాడు. ఆ వడ్రంగికి డెబ్బై దాటాయి. ఫైబరు పడవలు వచ్చాక చెక్క పడవ అడిగేవాడు లేక, షెడ్డులో వలలు ఆరేసుకుంటూ కూర్చున్న మనిషి. బావ ప్లాను కాగితాలు పరిచి చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పడవే కద బాబూ, బోర్లించీసినారు" అన్నాడట. ఆ మాటకే బావ పడిపోయాడు. రెక్కల్లో చెక్కపని అంతా ఆయనే చేశాడు. మేమందరం ఆయన్ని మావా అని పిలిచేవాళ్ళం.

రెక్క అంటే పెద్ద వింతేం కాదు. లోపల రెండు పొడుగాటి చెక్కదూలాలు, ముందొకటి, వెనకొకటి. వాటికి అడ్డంగా పక్కటెముకల్లా పల్చటి చెక్కలు. ఆ చెక్కకీ చెక్కకీ మధ్య గదులు గదులుగా ఖాళీ. వాటన్నిటి పైన బిగించి రంగు పూసిన గుడ్డ. మనిషి ప్రాణం ఆధారపడేది ఆ రెండు దూలాల మీదే. గుడ్డ కప్పేశాక అవి కనపడవు. అందుకే నాలాంటివాడి అవసరం.

గురువారం పొద్దున్నే వెళ్ళాను. రెక్కలు రెండూ బల్లల మీద పడుకోబెట్టి ఉన్నాయి. అంతకుముందు ఏడాది ఎండాకాలంలో గుడ్డ కప్పి, రంగు వేసి, కప్పు అక్కడక్కడా కారే షెడ్డు గోడకి తాళ్ళతో వేలాడదీశారు. ఒక వానాకాలం, ఒక తుపాను చూసిన రెక్కలవి. నా పద్ధతి నాకుంది. ముందు ఒక పాత రూపాయి బిళ్ళతో చెక్క మీద కొట్టుకుంటూ పోతాను. జిగురు పట్టిన చోట టక్‌మంటుంది, వదిలిన చోట డొల్లగా మోగుతుంది. తరవాత చిన్న మూతలు తీసి అద్దం, టార్చి పెట్టి లోపలికి చూస్తాను. ఆఖర్న రెండు చేతులతో రెక్క మొత్తం తడుముతాను, పైన ఒకసారి, కింద ఒకసారి. కన్ను చూడనిది అరచెయ్యి చెప్తుంది.

అన్నీ చేశాను. రూపాయి టక్‌టక్‌మంది. అద్దంలో దూలాల పైభాగం పసుపుగా మెరిసింది. నా మోకాళ్ళు అప్పటికే సహకరించటం లేదు గనక కిందకి దూరి చూడకుండా, వంగి అడుగుభాగం అరచేత్తో తడిమాను. వెన్నలా జారింది. ఇంత నున్నగా పని చేసేవాడు మా షెడ్డులో కూడా లేడని పైకే అన్నాను. వడ్రంగి మావ నోరు తెరిచి నవ్వాడు. ఎడం రెక్క కొసన ఎత్తి చూస్తే కాస్త బరువనిపించింది. "ఇదేం బావా?" అంటే, "అటుపక్క రంగు రెండు పూతలెక్కువ పడ్డాదిరా" అన్నాడు. సరే అనుకున్నాను. అలా అనుకోవటం నా జాతకంలో లేదు, ఆ రోజు అనుకున్నాను.

మధ్యాహ్నం అక్క క్యారేజీ తెచ్చింది. చేపల పులుసు, పీతల వేపుడు. ఇసకలో చాప వేసుకుని నలుగురం తిన్నాం. తిన్నాక బావ కాగితం తీసి నా ముందు పెట్టాడు. నేను పనిలో చేరిన కొత్తలో మా పెద్దాయన నేర్పిన నియమం ఒకటుంది. ఇవాళ చూడు, రేపు సంతకం పెట్టు, మధ్యలో ఏదైనా గుర్తొస్తే మళ్ళీ వెళ్ళి చూడు. ముప్పై ఏళ్ళలో దాన్ని దాటలేదు. అక్కడ మాత్రం బావ మొహంలో ఏడేళ్ళ ఆశ. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, మూతపడ్డ రొయ్యల చెరువుల పక్కన చదును చేసిన నేల మీంచి మొదటిసారి పైకి లేపాలని అనుకుంటున్నాడు. అక్క ఖాళీ క్యారేజీ చేత్తో పట్టుకుని నిలబడి నా కలం వైపే చూస్తోంది.

"ఏట్రా, సొంత బావకి కూడా రేపు రా అంటావేటి?" అన్నాడు బావ.

పెట్టేశాను.

రాత్రంతా నిద్ర పట్టలేదు, శుక్రవారం పొద్దున లేస్తూనే నాకు ఒంట్లో బాగాలేదు. జ్వరం కాదు, నొప్పి కాదు. ఏదో మరిచిపోయాను, అదేమిటో తెలియదు. వీధి చివరిదాకా నడిచి వచ్చాను. మళ్ళీ నడిచాను. గురువారం చేసిన పనంతా మొదట్నుంచి చివరిదాకా మనసులో మళ్ళీ చేశాను. రూపాయి, అద్దం, టార్చి, చేతులు. అన్నీ ఉన్నాయి. అయినా నా కుడి అరచెయ్యి మాత్రం ఊరుకోలేదు, లుంగీకేసి రుద్దుకుంటూనే ఉన్నాను. "సెయ్యి దురదేటండీ?" అని మా ఆవిడ కొబ్బరినూనె తెచ్చి రాసింది. చిరాకొచ్చి ఆమె మీద అరిచాను. తప్పు చేసిన మనిషికి కోపం ముందొస్తుంది. నాకు ఇంకా తప్పేమిటో కూడా తెలియదు.

శనివారం పొద్దున ఆమె పెరట్లో కరివేపాకు మొక్కని ఖాళీ రంగు డబ్బాలోకి మారుస్తోంది. డబ్బా బోర్లించి, మేకు పెట్టి, సుత్తితో అడుగున కన్నాలు కొడుతోంది. ఆ చప్పుడు నా నరాల మీద పడుతోంది.

"ఆ గోల ఆపుతావా?"

"కన్నాల్లేపోతే నీరెక్కడికి పోతాదండీ? నిలిచిపోయి ఏరు కుళ్ళిపోతాది."

నేను అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాను.

రెక్క అడుగున, వెనక అంచు దగ్గర, ప్రతి గదికీ ఒక చిన్న కన్నం ఉండాలి. బఠాణీ గింజంత. ఎంత బిగించి కప్పినా వాననీరు ఎక్కడో చోట లోపలికి దిగుతుంది, తేమ పడుతుంది. అది బయటికి పోకపోతే దూలం చెక్క కుళ్ళుతుంది, అందుకే ఆ కన్నాలు. వాటి చుట్టూ చిన్న ఉంగరం అతికిస్తారు, చేతికి గరుగ్గా తగులుతుంది. మొదటి రోజు పనిలో చేరినవాడికి కూడా తెలిసిన సంగతి. నా అరచేతికి ఒక్కటీ తగల్లేదు. నున్నగా ఉందని మెచ్చుకుని వచ్చాను.

బావకి ఫోన్ చేశాను. "రెక్కల కింద కన్నాలు ఎట్టినావా?"

"ఎట్టకేటి? పక్కకి ఎనిమిది. గుడ్డ కప్పినరోజే నా సేత్తో నేనే ఎట్టినాను."

"ఇప్పుడున్నాయా?"

"సూసినోడివి నువ్వు కదరా" అన్నాడు.

చెప్పులేసుకుని బయల్దేరాను. విజయనగరం దాకా ఒక బస్సు, శ్రీకాకుళం దాకా ఇంకొకటి. కళింగపట్నం వైపు దొరికింది శ్రీకూర్మం మీద నుంచి పోయేది. శ్రీకూర్మంలో దర్శనానికి వెళ్ళిన వాళ్ళ కోసం డ్రైవరు ఇంజను ఆపి దిగి టీ తాగుతుంటే, నేను కిందకి దిగి, ఎక్కి, మళ్ళీ దిగాను. ఒక పెద్దావిడ ప్రసాదం పెట్టబోతే వద్దన్నాను. మేం క్రైస్తవులం, అందుకు కాదు. నోట్లో తడి లేదు. మనిషి పైన ఉండగా వెనక దూలం వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి చూశాను. అది ఇక్కడ రాయను.

షెడ్డు దగ్గర బావ ఎడం రెక్క కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. నేనూ మోకాళ్ళ సంగతి మరిచి పక్కన దూరాను. వెండిరంగు గుడ్డ అద్దంలా ఉంది. కన్నం లేదు, ఉంగరం లేదు. గోటితో గీకితే రంగు కింద గట్టిగా గోధుమరంగు పదార్థం తగిలింది. వాసన చూశాను. గుగ్గిలం. పడవ చెక్కల సందుల్లో నీరు దిగకుండా నూనెలో కాచి, దూదితో కలిపి కూరతారే, అది.

వడ్రంగి మావ బయట నీడలో కూర్చుని ఉన్నాడు. నేను అరుస్తూనే వెళ్ళాను. "ఈ కన్నాలు ఎవరు పూడ్చారు?"

ఆయన నా మొహం చూసి లేచి నిలబడ్డాడు. అయినా ఆయన గొంతులో భయం లేదు, సిగ్గుతో కూడిన గర్వం ఉంది. "నానే బాబూ. గుడ్డ కప్పిన మర్నాడు సూస్తే పదారు కన్నాలున్నాయి. బావగారు పెద్ద సదువుకున్నోరు, తెలక ఎక్కడో మేకులు దిగగొట్టీసి, మచ్చ కనపడకుండా ఉంగరాలు అంటించీసినారనుకున్నాను. పెద్దమనిసి తప్పు ఎత్తి సూపిస్తే బాగుంటాదేటి? బావగారు లేని పూట కూకుని ఒక్కోటీ పూడ్సి, ఉంగరాలు ఊడదీసి, అరగదీసి, రంగెట్టినాను. సుక్క నీరు దిగదు. నా సేతిలోంచి కన్నంతో ఒక్క పడవ కూడా దిగనేదు బాబూ."

నా నోట్లోకి వచ్చిన తిట్లన్నీ అక్కడే ఆగిపోయాయి. ఏమని తిట్టను? పనిచ్చినవాడి తప్పు నలుగురిలో పెట్టకుండా తన చేత్తో సరిదిద్దటం ఆయన నేర్చుకున్న మర్యాద. కన్నమంటే ప్రాణం పోవటమని అరవై ఏళ్ళ పని ఆయనకి నేర్పింది. చూడవలసిన పని నాది. చూశానని రాసిచ్చిందీ నేనే.

నేను సూదిమొన దబ్బనం తీసుకుని, ఎడం రెక్క చివరి గది దగ్గర ఆ గుగ్గిలంలోకి గుచ్చి లాగాను. టీ డికాక్షన్‌ రంగు నీళ్ళు సన్నగా ధార కట్టి ఇసకలో పడ్డాయి. చాలాసేపు పడ్డాయి. నాకు గురువారం నాటి బరువు గుర్తొచ్చింది. అది రెండు పూతల రంగు కాదు.

గుడ్డ కోశాను. వెనక దూలం పైభాగం నేను అద్దంలో చూసినట్టే పసుపుగా ఉంది. అడుగుభాగం నల్లబడి ఉంది. చాకు మొన పెట్టి నొక్కితే ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగింది. వడ్రంగి మావ వచ్చి తన బొటనవేలు ఆ చెక్క మీద పెట్టి చూశాడు. తీసి, తన వేలినే చూసుకున్నాడు. "నానే సంపీసుందును" అన్నాడు. బావ ఆయన భుజం పట్టుకుని, "నువ్వు కాదు మావా" అన్నాడు. ఎవరో చెప్పలేదు. నాకు వినపడింది.

సాయంత్రం ముగ్గురం శ్రీకాకుళం వచ్చాం. అక్కకి బావే చెప్పాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఆ కాగితం ఇమ్మని అడిగాను. అక్క లోపలికి వెళ్ళి తన బైబిలు తెచ్చింది. కాగితం అందులో పెట్టుకుంది. తీసి నా చేతికిచ్చింది. నేను చింపాను, నాలుగు ముక్కలు, ఎనిమిది ముక్కలు. ఇంకా చింపుతూనే ఉంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడేళ్ళురా" అంది. "ఆయన ఆ షెడ్డుకి ఎల్లినప్పటి నుంచి నాకు నిద్ర నేదు. ఎవులికీ సెప్పనేదు. నువ్వు సంతకం ఎట్టినావు కదా, ఈ రెండు రాత్రులూ ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. తమ్ముడు సూసినాడు, ఇంకేటి అనుకున్నాను."

ఆ రెండు రాత్రులూ నేను పడుకోలేదని చెబుదామనుకున్నాను గానీ, అది చెప్పి ఏం లాభం? కోపమొచ్చి తిట్టినా బాగుండేది. అక్క తిట్టలేదు. అన్నం పెట్టింది.

రెక్కలు మళ్ళీ కట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. రెండు పక్కలా వెనక దూలం కొత్తది. ఈసారి నేను వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి, గుడ్డ కప్పకముందే ప్రతి అతుకూ చూసేవాణ్ణి. బావ విసుక్కునేవాడు, "ఒరే, నీ సూపుకే సెక్క అరిగిపోతన్నాది" అని. గుడ్డ కప్పిన రోజు కన్నాలు పెట్టే పని వడ్రంగి మావకే అప్పజెప్పాను. బావకి నచ్చలేదు, నేను వినలేదు. దబ్బనం ఆయన చేతికిస్తే మొదటి కన్నం దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. చెక్కతో పని మొదలెట్టాక తను చేసినదానికి తనే చిల్లు పెట్టటం ఆయనకి అదే మొదటిసారి. "నువ్వెట్టు బాబూ" అన్నాడు. నేను పెట్టనన్నాను. కళ్ళు మూసుకుని గుచ్చాడు. పదహారోది వచ్చేసరికి కళ్ళు తెరిచే గుచ్చుతున్నాడు.

ఆఖరి పరీక్ష శనివారం పెట్టుకున్నాం. విమానానికి రెక్కలు బిగించి షెడ్డు బయట నిలబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూశాను. ఈసారి రెక్క కింద ఇసకలో వెల్లకిలా పడుకునే చూశాను. మావ చీపురు పుల్ల పట్టుకుని నాతోపాటు పాకుతూ ప్రతి కన్నంలో గుచ్చి చూపించాడు, "ఇదొకటి, ఇది రెండు" అంటూ. అంతా అయ్యాక బావ కాగితం తీశాడు. నేను రేపన్నాను. బావ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్క ఇంట్లోనే ఉండిపోయాను. తెల్లారగట్ల ఒక జల్లు కొట్టి వెలిసింది. వెలుతురు వచ్చేసరికి అందరం షెడ్డు దగ్గర ఉన్నాం. మావ మాకంటే ముందే వచ్చి రెక్క కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెనక అంచున వరసగా చుక్కలు పడుతున్నాయి, ఒక కన్నం తరవాత ఒక కన్నం. కింద ఇసకలో చిన్న చిన్న గుంటలు పడ్డాయి.

"కారతన్నాది బాబూ" అన్నాడు, ఏడుపో నవ్వో తెలియకుండా.

"కారనీ మావా" అన్నాను.

మళ్ళీ ఒకసారి చుట్టూ తిరిగాను. తడిమిన చోటే తడిమాను. బావ కాగితం విమానం పొట్ట మీద పరిచి కలం పెట్టాడు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. అక్క పక్కకొచ్చి నిలబడింది.

"రాత్రి పడుకున్నావేట్రా?"

"లేదక్కా."

"ఎన్నిసార్లు లెగిసినావు?"

"లెక్కలేదు."

అక్క నా మొహంలోకి చూసింది. "అయితే ఎట్టు" అంది.

పెట్టాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

ఆ రోజు ఆరాధన అయ్యాక బావ పదకొండు నిమిషాలు పైన తిరిగాడు. మేం ముగ్గురం చెరువుగట్టు మీద నిలబడ్డాం. మావ రెక్కల వైపే చూస్తున్నాడు. అక్క పైకి చూడలేదు, తల వంచుకుని నా చెయ్యి పట్టుకుని ఉంది. చక్రాలు నేలకి తగిలి, ఇంజను ఆగి, బావ చెయ్యి ఊపాక గానీ వదల్లేదు. అప్పుడు చూసుకుంటే నా కుడి మణికట్టు మీద అక్క గోళ్ళు నాలుగూ దిగి రక్తం చిప్పిల్లి ఉంది.